విద్యుత్ స్కూటరు టైరు: విప్పుట, బాగుచేయుట



నేటి ప్రసంగమునకు విషయము విద్యుత్తుతో నడుచు స్కూటరు టైరు. జీవితమంతయు వ్యాకరణము చెప్పుకొన్న పంతులుకు టైర్లతో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. ప్రొద్దు గ్రుంకిన తరువాత మైపాడు బాటలో, వెనుక చక్రము చతికిలబడిన బండిని ఎదురుగాలిలో నెట్టుకొని పోవు ఆడబిడ్డను ఒక్కమారు చూచినవారు ఆ ప్రశ్న వేయరు.

మన నెల్లూరు తీరమున, కావలి ప్రక్కనున్న తుమ్మలపెంట మొదలుకొని ముత్తుకూరు ప్రక్కనున్న కృష్ణపట్టణము వరకు, ఈ బండ్లు నానాటికి పెరుగుచున్నవి. బడికి పోవు ఉపాధ్యాయురాలు, రొయ్యల గుంటలకు మేత మోయు యువకుడు, చేపల గంప కట్టుకొని ఊరూర తిరుగు స్త్రీ, అందరును వీనిని వాడుచున్నారు. రాత్రివేళ ఇంటనే చార్జింగు పెట్టుకొనవచ్చును గనుక, పెట్రోలు బంకు దూరమైన పల్లెలకు ఇవి చక్కగా కుదిరినవి. ఒక్క చోట మాత్రము చిక్కు. పంక్చరైనపుడు ఊరి పంక్చరు అంగడివాడు బండిని చూచి, "ఇది కరెంటు బండి, నేను ముట్టను" అనును. అంతట దానిని ఆటోలోని కెక్కించి నెల్లూరికి పంపవలెను. పది నిమిషముల పనికి ఒకనాటి కూలి పోవును. అతని భయములో కొంత నిజమున్నది. చాల భాగము అపోహ. ఆ కొంత నిజము చక్రములో ఏ చోట నున్నదో తెలిసినచో, తక్కిన పనియంతయు మన యూరిలోనే జరుగును.

ముందుగా చక్రమును చూతము. ఎద్దుబండి చక్రమునకు నడుమ కుండ, దానినుండి వెడలు ఆకులు, చుట్టును ఇనుపపట్టా, లోపల ఇరుసు. ఇవి మీకు నాకంటె బాగుగా తెలియును. సంస్కృతమున కుండను నాభి యనియు, ఆకులను అరము లనియు, చుట్టును నేమి యనియు, ఇరుసును అక్షమనియు అందురు. స్కూటరు చక్రమునను ఈ నాలుగును ఉన్నవి. ఇనుపపట్టా స్థానమున గాలి నింపిన రబ్బరు టైరు వచ్చినది. ఈ గాలి టైరునకు మొదట పేటెంటు పొందినవాడు స్కాట్లండు దేశీయుడగు రాబర్ట్ విలియం థామ్సన్. అది 1845వ సంవత్సరము. ఆ కాలమున ఆదరణ లేక అది మరుగుపడెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయ్‌డ్ డన్లప్ అను పశువైద్యుడు, కుమారుని మూడు చక్రముల బండికై తాను చేసిన గాలి టైరునకు మరల పేటెంటు పొందెను. రబ్బరును గంధకముతో కలిపి కాచినచో అది ఎండకు కరగక, చలికి పగులక నిలుచునని చార్లెస్ గుడియర్ అమెరికాలో 1839లోనే కనుగొనియుండెను. అది లేనిదే ఈ టైర్లు లేవు. ఇదంతయు దూరదేశపు ముచ్చటగా తోచునేమో! మనకు దక్షిణమున శ్రీసిటీకి చేరువనున్న చినపాండూరులో అపోలో కంపెనీవారి టైర్ల కర్మాగారము 2020లో పని ప్రారంభించినది.

మీలో పలువురు పాత బజాజ్ చేతక్ స్కూటరు నెక్కినవారే. నేను ఉద్యోగమున నున్నంత కాలము దానిమీదనే బడికి పోయితిని. దానితో స్టెప్నీ యనెడి అదనపు చక్రము ఒకటి ఎల్లప్పుడు ఉండెడిది. దాని రిమ్ము రెండు పళ్లెములను ఎదురెదురుగా పెట్టి బోల్టులతో బిగించినట్టిది. గాలి పూర్తిగా తీసి, బోల్టులు విప్పినంతనే రిమ్ము రెండుగా విడివడి టైరు చేతికి వచ్చెడిది. స్టెప్నీ యన్న మాట వచ్చిన విధము వినదగినది. వేల్స్ దేశమున లానెల్లి యను పట్టణమున స్టెప్నీ వీధి యొకటి కలదు. 1904లో ఆ వీధిలోని అంగడివారు అదనపు చక్రమును అమ్మజూపిరి. ఆ వీధి పేరు మన లారీ డ్రైవర్ల నోట నేటికిని నిలిచియున్నది. చేతక్ అను పేరు 2020లో విద్యుత్ స్కూటరునకు మరల వచ్చినది గాని, స్టెప్నీ మాత్రము రాలేదు. నేటి విద్యుత్ స్కూటర్లలో ఆ తావును బ్యాటరీలును తక్కిన సామగ్రియు ఆక్రమించుకొన్నవి. రిమ్మును రెండుగా విడిపోదు, ఒకే ముక్క. కావున మార్చుకొనుటకు వేరొక చక్రము లేదు. ఉన్న చక్రమునే, ఉన్నచోటనే బాగుచేసికొనవలెను.

మన ప్రాంతమున టైరునకు ప్రథమ శత్రువు ముల్లు. తుమ్మలపెంట యను పేరులోనే తుమ్మ యున్నది. దానికి తోడు అమెరికా ఖండమునుండి 19వ శతాబ్దమున ఈ దేశమునకు తెచ్చిన సర్కారు తుమ్మ, కాలువగట్లను చెరువుకట్టలను ఆక్రమించినది. దాని ముల్లు మేకువలె తల గలది కాదు. టైరులో దిగిన తరువాత వెలుపలి కొన అరిగిపోవును, లోపలి కొన నిలిచియుండును. పైకి చూచిన ఏమియు కానరాదు. ఈ సంగతి తరువాత మరల అక్కరకు వచ్చును.

నేటి విద్యుత్ స్కూటర్లలో పెక్కింటికి ట్యూబు లేని టైర్లున్నవి. టైరు అంచు రిమ్మునకు గట్టిగా అదుముకొనియుండుట చేతనే గాలి నిలుచును. ఇట్టి టైరులో మేకు దిగినపుడు తొందరపడి పెరికివేయరాదు. ఆ మేకే రంధ్రమునకు మూతవలె నుండి గాలిని మెల్లమెల్లగా మాత్రము పోనిచ్చును. గాలి నింపుకొని మెల్లగా అంగడి వరకు చేరవచ్చును. పెరికినచో అక్కడనే కూలబడును. బాగుచేయుటకు చక్రమును విప్పనక్కరలేదు. సబ్బునీరు పూసి బుడగలు వచ్చు చోటును గుర్తించి, ముల్లును లేక మేకును అది దిగిన వాలుననే లాగి, సన్నని గుండ్రటి ఆకురాయి వంటి సాధనముతో రంధ్రమును గరుకు చేసి, బంక పట్టించిన త్రాటిముక్కను కన్నుగల సూదితో లోనికి గ్రుచ్చి, సూదిని చురుకుగా వెనుకకు లాగవలెను. త్రాడు లోపల చిక్కుకొని నిలుచును. వెలుపల మిగిలిన కొసలను కొంచెము విడిచి కోసివేయవలెను. ఇది బాటమీది చికిత్స. శాశ్వతముగా నుండవలెనన్న టైరును విప్పి లోపలినుండి అతుకు వేయించుట మేలు. రంధ్రము టైరు ప్రక్కగోడలో నున్నయెడల ఏ అతుకును నమ్మరాదు. ఆ గోడ బండి నడుచునపుడు ప్రతి చుట్టునందును వంగి లేచుచుండును, అతుకు ఊడును. క్రొత్త టైరు కొనుటయే గతి.

ఇంతవరకు విద్యుత్తు ప్రసక్తి యేదైన వచ్చినదా? రాలేదు. పంక్చర్లలో అధికభాగము ఇట్టివే. మన యూరి పనివాడు నిర్భయముగా చేయదగినవే.

ఇక టైరును విప్పవలసివచ్చినపుడు సంగతి. టైరు అంచులో ఉక్కుతీగ కట్ట యున్నది, అది సాగదు. రిమ్ము అంచు ఆ తీగ వలయముకంటె పెద్దది. మరి ఎట్లు దాటించుట? కమ్మరి బండిపట్టాను నిప్పులో కాల్చి, అది వ్యాకోచించినపుడు చక్రమున కెక్కించి, నీళ్లు చల్లి బిగియించును. రబ్బరును అట్లు కాల్చరాదు గదా! అందుచేత రిమ్ము చేసినవారు దాని నడుమ చుట్టును ఒక పల్లము ఉంచిరి. టైరు అంచును ఒక ప్రక్క ఆ పల్లములోనికి త్రొక్కి దించినచో, ఎదురు ప్రక్క అంతమేర వదులు దొరకును. టైరు విప్పు విద్య యంతయు ఈ పల్లములో నున్నది. ఇది యెరుగక బలము చూపువారు రిమ్మును వంచుదురు, ట్యూబును చీల్చుదురు. విద్యుత్ స్కూటరు చక్రములు 10 అంగుళములవి, 12 అంగుళములవి. చిన్నవి గనుక అంచులు మిక్కిలి బిగువుగా నుండును, బలముకంటె ఈ ఉపాయమే అవసరము.

క్రమము చెప్పెదను. వాల్వులోని పిన్నును విప్పి గాలిని పూర్తిగా పోనీయవలెను. రెండు ప్రక్కలను త్రొక్కి అంచును రిమ్మునుండి విడదీయవలెను. అంచునకు సబ్బునీరు పూయవలెను. కిరసనాయిలును, కందెనయు రబ్బరును చెరచును, వానిని దగ్గరకు రానీయరాదు. వాల్వు ఉన్నచోట పల్లములోనికి అంచు దిగదు గనుక, దాని కెదురుగా నున్న అంచును పల్లములోనికి దించి, వాల్వు దగ్గర రెండు టైరు లివర్లు దూర్చి కొంచెము కొంచెముగా ఎత్తుకొని పోవలెను. ఒకేసారి జానెడు ఎత్తబోవుట పొరపాటు. మరల ఎక్కించునపుడు క్రమము తారుమారగును; వాల్వునకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగింపవలెను.

ట్యూబు గల టైరైనచో చక్రము బండిమీద నుండగానే ఒక ప్రక్క అంచును తీసి, ట్యూబును వలసినంత వెలికి లాగి అతుకు వేయవచ్చును. ట్యూబు ఇరుసును దాటి బయటికి రాదుగాని, అతుకునకు అదియే చాలును. ఉప్పుకాగితముతో రంధ్రము చుట్టును గరుకుచేసి, సొల్యూషను పలుచగా పూసి, అది చేతికి అంటని దశకు వచ్చువరకు ఆగి, అప్పుడు అతుకు వేసి నొక్కవలెను. తడి యుండగనే అంటించువారు తరచుగా ఉందురు. వారి అతుకు వారముపాటు నిలువదు. అటుపైన మరువరాని పని ఒకటి కలదు. టైరు లోపలి వైపంతయు గుడ్డతో మెల్లగా తుడిచి చూడవలెను. నేను ముందు చెప్పిన ముల్లుకొన అందులో దాగియుండును. గుడ్డ దానికి తగులుకొనును. దానిని తీయకున్న, మరునాడు అదే చోట మరల పంక్చరగును, నింద అతుకువానిమీద పడును.

ఇప్పుడు నిజముగా జాగ్రత్త వలసిన చోటునకు వచ్చితిమి. అది వెనుక చక్రము. కొన్ని బండ్లలో, ఉదాహరణకు టీవీఎస్ ఐక్యూబ్ వంటి వానిలో, మోటారు వెనుక చక్రపు కుండలోనే యున్నది. ఏథర్ వంటి వానిలో మోటారు వేరుగా నుండి, బెల్టు ద్వారా చక్రమును త్రిప్పును. మొదట మీ బండి ఏ జాతిదో తెలిసికొనుడు. కుండ లావుగా, పళ్లెమువలె నుండి, ఇరుసునుండి లావైన తీగల కట్ట బయటికి వచ్చుచున్నచో మోటారు అందులోనే యున్నదని గ్రహింపవచ్చును.

అట్టి చక్రమును తిరుగలితో పోల్చెదను. తిరుగలిలో క్రింది రాయి కదలదు, పై రాయి దానిమీద తిరుగును. ఇందును ఇరుసునకు బిగించిన తీగచుట్టలు కదలవు. అయస్కాంతములు గల వెలుపలి కుండ తిరుగును. క్రింది రాతిని నేలకు గట్టిగా ఆనించనిచో ఏమగును? పై రాతిని త్రిప్పబోయిన అదియు తిరుగజూచును. మోటారును అట్లే. చక్రమును ఎంత బలముతో ముందునకు త్రిప్పునో, అంత బలముతోనే ఇరుసును వెనుకకు త్రిప్పజూచును. మామూలు చక్రపు ఇరుసు బరువును మాత్రము మోయును. ఈ ఇరుసు ఈ ఎదురుత్రిప్పుటను కూడ అరికట్టవలెను. అందుచేత దానికి ఇరువైపుల చదునుచేసి, గాడిలో కదలకుండ కూర్చి, నాలుక గల ప్రత్యేకపు వాషరు వేసి, నట్టును మిక్కిలి గట్టిగా బిగింతురు. ఆ వాషరు వేయక మరచినను, నట్టు వదులుగా నున్నను, ఇరుసే గాడిలో తిరుగబారును. ఇరుసు బోలునుండి వచ్చు తీగలు మెలిపడి తెగును. ఇదియే పంక్చరు అంగడివాని భయములోని నిజమైన కొంత.

మా వీధిలోని ఒకరి బండికి ఇట్లే జరిగినది. ఎవరో బాటప్రక్క పనివాడు చక్రము విప్పి అతుకు వేసి, వాషరు ఒకటి నేలమీద విడిచిపెట్టి, చేతికి బిగువు తోచినంత బిగించి పంపెను. మూడవనాడు, ఊరి మలుపులో బండి ఎక్కుడు బరువుతో కదలుచుండగా ఇరుసు తిరిగి తీగలన్నియు చుట్టుకొని తెగినవి. వేగము లేనందున మనిషికి దెబ్బ తగులలేదు. మోటారు మాత్రము విప్పి తీగలు మార్చవలసివచ్చినది.

కావున ఈ చక్రమును విప్పక తీరదన్నపుడు చేయదగిన దేమనగా, తాళము తీసి, సీటు క్రింద ఎం.సి.బి. మీట యున్నయెడల దానిని దించి, ఆ పిదప తీగల కలయిక యున్న చోట దానిని విడదీయవలెను. లావు తీగలు మూడు, సన్నతీగలు ఐదు ఉండుట సామాన్యము. రంగులను ముందే కాగితమున వ్రాసికొనుట, లేక ఫోనుతో ఫోటో తీసికొనుట మంచిది. బ్యాటరీల ఒత్తిడి సాధారణముగా 48 నుండి 72 వోల్టుల వరకు ఉండును. ఇంటి కరెంటు 230 వోల్టులతో పోల్చిన తక్కువయే. అయినను రెండు కొనలు ఇనుపపానతో తాకినచో నిప్పురవ్వలు లేచి చేయి కాలును. తడిచేతులతోను, ఉంగరములతోను చేయరాదు. మరియు ఈ కుండను చేతితో త్రిప్పినను తీగలలో విద్యుత్తు పుట్టును గనుక విప్పిన తీగకొనలను ఒకదానికొకటి తగులనీయక గుడ్డ చుట్టి యుంచవలెను. చక్రము బరువు తీగలమీద వ్రేలాడనీయరాదు. వాషర్లను తీసిన వరుసలోనే ఒక పళ్లెములో పేర్చుకొనుడు; ఇసుకనేలమీద పెట్టిన అవి మాయమగును. ఇసుకలో స్టాండును దిగిపోవును, దాని క్రింద పలక యొకటి వేయుట ఆవశ్యకము.

మరల బిగించునపుడు నట్టు బిగువును కొలచు పాన యున్నచో ఆ కంపెనీవారు చెప్పిన కొలత ప్రకారము బిగించుట మేలు. ఆ పానలేని చోట నేను ఆ చక్రమును విప్పుమని సలహా ఇయ్యను; త్రాటి అతుకుతో గాలి నింపుకొని కంపెనీ అంగడికి పంపుడని చెప్పుదును. బెల్టు గల బండ్లలో బెల్టు బిగువును, చక్రము నిటారుగా నిలుచుటయు సరిచూడవలెను. విప్పకముందే మరలు ఉన్నచోటులను సుద్దతో గుర్తు పెట్టుకొన్న సగము శ్రమ తగ్గును. ముందు చక్రములో మోటారు లేదు, దానిని విప్పుటలో ఎక్కువ చిక్కులేదు. బ్రేకు పళ్లెమునకు నూనె తగులనీయరాదు. చక్రము బయట నున్నపుడు బ్రేకు మీటను నొక్కరాదు, నొక్కిన బ్రేకు ముక్కలు రెండును దగ్గరపడి, పళ్లెము మరల దూరుట కష్టమగును.

ట్యూబులేని టైరును మరల గాలితో నిలుపుట మన పల్లెలలో చిక్కు. చిన్న చేతిపంపుతో గాలి కొట్టుచుండగా అంచులు రిమ్మునకు అంటక, గాలి ప్రక్కలనుండి బయటికి పోవును. అప్పుడు టైరు చుట్టును నడిమధ్యను ఒక త్రాడు గట్టిగా చుట్టి, కర్రతో మెలిపెట్టినచో, టైరు నడుమ నొక్కుకొని అంచులు ఇరుప్రక్కలకు జరిగి రిమ్మును తాకును. గాలి పట్టినంతనే త్రాడు వదులు చేయవలెను. అంచులు స్థానమున కూర్చున్నపుడు రెండుమారులు 'టప్పు' మని శబ్దము వినబడును. ఆ సమయమున వ్రేళ్లు రిమ్ము దగ్గర ఉంచరాదు. శబ్దము వినవచ్చుటకై చెప్పిన హద్దు మించి గాలి కొట్టరాదు. తొందరలో అట్లు చేయువారికి టైరే గురువగును.

తీరమున నున్న మనకు మరొక విషయము. టైరులో ముల్లు లేదు, మేకు లేదు, అయినను వారమునకొకమారు గాలి తగ్గును. సబ్బునీరు రిమ్ము అంచు చుట్టును పూసి చూడుడు. ఉప్పుగాలిచేత అల్యూమినియము రిమ్ముపై తెల్లని పొడివంటి తుప్పు ఏర్పడి, టైరు అంచు సరిగా అంటక గాలి పోవుచుండును. టైరును విప్పి ఆ పొడిని తీగబ్రష్షుతో మెల్లగా రాల్చి, నున్నగా తుడిచి మరల ఎక్కించిన చాలును. వాల్వు రబ్బరు పగిలినదేమో అప్పుడే చూచుకొనుడు. రొయ్యల గుంటల ఉప్పునీటిలో బండి తడిసిన దినమున చక్రములను మంచినీటితో కడుగుట అలవరచుకొన్నవారికి ఈ బాధ తక్కువ.

గాలి ఎంత యుండవలెనో బండిమీది చీటీలోను, దానితో ఇచ్చిన పుస్తకములోను వ్రాసియుండును; ఒంటరిగా పోవునపుడు ఒక లెక్క, వెనుక మనిషియో గంపయో ఉన్నపుడు మరొక లెక్క. ఉదయము చక్రము చల్లగా నున్నపుడు వారమునకొకమారు కొలుచుట మంచిది. గాలి తక్కువైనచో టైరు ఎక్కువగా వంగి వేడెక్కును, అంత బలమును బ్యాటరీనుండి లాగికొనును. ఒక చార్జింగునకు రావలసిన దూరము రాకపోవుటకు కారణము బ్యాటరీయే యని ముదుసలి తండ్రులు కొడుకులను కంపెనీలకు త్రిప్పుచుందురు. ముందుగా టైరు చూడుడు.

క్రొత్త టైరు కొనునపుడు దాని ప్రక్కగోడపై వ్రాతను చదువుట నేర్చుకొనుడు. 90/90-12 అని యున్నయెడల, వెడల్పు 90 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 90వ వంతు, రిమ్ము 12 అంగుళములు అని అర్థము. దాని ప్రక్క 54జె అని యున్నచో ఆ టైరు 212 కిలోల బరువును, గంటకు 100 కిలోమీటర్ల వేగమును ఓర్చుకొనును. నాలుగంకెల ముద్ర యొకటి ఉండును. 2324 అని యున్న 2024వ సంవత్సరపు 23వ వారమున చేసినదని తెలియును. అంగట చాల దినములు ఎండలో నున్న టైరు మెరయుచున్నను లోపల పాతబడినదే. ఎక్కించునపుడు ప్రక్కగోడపై బాణపు గుర్తు యున్నచో, చక్రము ముందునకు తిరుగు దిక్కున ఆ బాణము ఉండవలెను. అన్నియు బిగించి, ఇరువది కిలోమీటర్లు నడిపిన తరువాత బండి నాపి నట్టును మరల ఒకసారి చూచి, గాలి కొలిచి, అప్పుడు గంపను కట్టుకొనుడు.